ఉత్త ఫ్లాష్

కడిగిన రీలును భాస్కర్ కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాడు. అందులోంచి రోడ్డు అవతల ఉన్న మేడ్చల్ బస్ డిపో గోడ కనిపించింది. గోడ మీద పెయింటుతో రాసిన సిమెంటు ప్రకటన ఒక్క అక్షరం పోకుండా చదవడానికి వచ్చింది. ముప్పై ఆరు ఫోటోలు ఉండాల్సిన రీల్లో ఆ సిమెంటు ప్రకటన తప్ప ఇంకేమీ లేదు.

ఆయన రీలును తిప్పి పట్టుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఈసారి గోడ పక్కన నిలబడి మూత్రం పోస్తున్న మనిషి కూడా కనిపించాడు.

"ఆరెయ్యనా సారూ?" అంది శివమ్మ. ఆమె చేతిలో రెండు బట్టల క్లిప్పులు సిద్ధంగా ఉన్నాయి.

"ఏం ఆరేస్తవ్ శివమ్మా. ఆరేస్తే ఏంది, ఆరెయ్యకుంటే ఏంది."

శోభ ఫోటో స్టూడియోలో శివమ్మ ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. నేల ఊడుస్తుంది, పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తుంది, ఆధార్ కార్డులకు లామినేషన్ వేస్తుంది. రీళ్ళు కడిగే రోజుల్లో కెమికల్ కలిపింది, నీళ్ళు మార్చింది, ఆరేసింది కూడా ఆమే. ఆ రోజులు పోయి చాలా కాలమైంది. డార్క్ రూములో పాడైన జిరాక్స్ మిషనూ, వినాయక చవితి కుర్చీలూ చేరాయి. పోయిన వారం ఈ ఒక్క రీలు కోసం వాటన్నిటినీ బయటికి మోసి, ఎలుకలతో తగువు పెట్టుకుని, ఆమే ఆ గదిని మళ్ళీ గదిగా చేసింది.

ఆమె రీలు కొసను వేళ్ళతో పట్టుకుని అంచులు చూసింది. అంచుల వెంట చిన్న చిన్న నంబర్లు, ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా, నల్లగా, స్పష్టంగా వచ్చాయి. అవి కంపెనీలోనే వెలుగుతో అచ్చు వేసి పంపే నంబర్లు. కెమికల్ పని చేస్తేనే కనిపిస్తాయి.

"నంబర్లు మంచిగనే వచ్చినయి సారూ," అంది.

"నంబర్లెవరికి కావాలె," అన్నాడు భాస్కర్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. శివమ్మ అది చూసింది. నంబర్లు వచ్చాయంటే కడగడంలో తప్పు లేదని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. వెలుగు తగిలిన చోట రీలు నల్లబడుతుంది, తగలని చోట తెల్లగా మిగిలిపోతుంది. ఇది మొత్తం తెల్లగా ఉంది. అంటే ఆదివారం నాడు కెమెరాలో ఈ రీలు మీద ఇసుమంత వెలుగు కూడా పడలేదన్నమాట. భాస్కర్ కిటికీ రెక్క వేసేశాడు.

అప్పుడే ఫోన్ మోగింది. తూంకుంట నుంచి ఇషిత. "అంకుల్, నానమ్మ అడుగుతుంది. ఫోటోలు వచ్చాయా?"

"ఆరుతున్నయి బిడ్డా," అన్నాడు భాస్కర్, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. నలభై ఏళ్ళుగా ఆయన నోట అలవాటైన మాట అది.

ఇషిత నానమ్మ సత్యమ్మకు ఆదివారంతో ఎనభై ఏళ్ళు నిండాయి. కొడుకు జైపాల్ ఒకప్పుడు పొలాలు చేసినవాడు, ఇప్పుడు ఆ పొలాల్లోనే ప్లాట్లు అమ్ముతున్నాడు, వచ్చే ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. తల్లి పుట్టినరోజుకు ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. వాటిలో తల్లి కంటే అతనే పెద్దగా ఉన్నాడు. సత్యమ్మ మాత్రం అడిగింది ఒక్కటే. హాల్లో గోడ మీద ఆమె భర్తది నలుపు తెలుపు ఫోటో ఉంది. నలభై ఏళ్ళ కిందట భాస్కరే తీశాడు. దాని పక్కన పెట్టడానికి తనదీ అలాంటిదే, అదే కెమెరాతో కావాలంది. "నేను పోయినంక మీరు రంగులది పెడ్తరు. ఆయన పక్కన సినిమా పోస్టర్ లెక్కుంట," అని ఆమె భయం. ఇషిత ఫోన్లో తీసి, అందులోనే నలుపు తెలుపు చేసి చూపిస్తే, ముసలామె దాన్ని దూరంగా పెట్టి చూసి, "గిది రంగు పోయిన ఫోటో. నేనడిగింది రంగు లేని ఫోటో," అంది. దాంతో ఇషిత ఎక్కడి నుంచో రెండు రీళ్ళు కొరియర్లో తెప్పించింది.

ఆదివారం భాస్కర్ వాడిన ఒకటి ఇప్పుడు సిమెంటు ప్రకటన చూపించింది.

*

మంగళవారం పొద్దున జైపాలే ఫోన్ చేశాడు. వయసులో పదిహేనేళ్ళు చిన్నవాడైనా, ఎన్నికల్లో నిలబడబోయేవాడు కాబట్టి భాస్కర్ అతన్ని అన్నా అనే పిలుస్తాడు. భాస్కర్ పెద్దవాడు కాబట్టి జైపాల్ కూడా ఆయన్ని అన్నా అనే అంటాడు. ఫోన్ స్పీకరులో ఉంది. భాస్కర్‌కు ఎడమ చెవి సరిగా వినపడదు, కుడి చెవి నమ్మకం లేదు.

"ఏమైందన్నా, రెండు దినాలాయె. అమ్మ పొద్దుమాపు గోడ దిక్కే సూస్తాంది. ఫోటో తగిలెయ్యనీకి మొల గూడ కొట్టించింది."

"గదేనన్నా... కొరియరోళ్ళు డబ్బాలను మిషన్ల పెడ్తరు గద. గా ఎక్స్‌రే తగిలి రీలు జర ఖరాబైనట్టున్నది."

"రెండు రీళ్ళు ఒక్కటే డబ్బాల వచ్చినయి. రెండోది గూడ పోయినట్టేనా?"

"లేదు లేదు, గది మంచిగున్నది."

"పక్కపక్కన పండుకున్నయి, ఒకదానికి తగిలి ఒకదానికి తగల్లేదా?"

భాస్కర్ తల గోక్కున్నాడు. పక్కన చాయ్ హోటల్ నడిపే కుమార్ గ్లాసులు ఇవ్వడానికి వచ్చి, సంగతి పసిగట్టి, చెయ్యి ఊపి జవహర్‌నగర్ చెత్తకుప్పల దిక్కు చూపించి ముక్కు మూసుకున్నాడు. మునిగేవాడికి అదే పెద్ద సాయంగా కనబడింది.

"అన్నా, జవహర్‌నగర్ కెళ్ళి గా చెత్త వాసన వస్తాంది గద. గా గాలికి కెమికల్ ఇరిగిపోతాంది. ఈడ కుమార్ పాలే ఇరిగిపోతున్నయి."

"భాస్కరన్నా," అన్నాడు జైపాల్, చాలా నిదానంగా. "జవహర్‌నగర్ వాసన తూంకుంట దాంక రాదని చెప్పి నేను ప్లాట్లు అమ్ముతున్న. కాగితం మీద గూడ రాయించిన. నువ్వు మేడ్చల్ దాంక వచ్చిందని చెప్తాన్నవు. నీది ఏ పార్టీ?"

కుమార్ గ్లాసులు తీసుకుని మెల్లగా జారుకున్నాడు. భాస్కర్ చూపు గదంతా తిరిగి, బల్ల దగ్గర కూర్చుని డిపో కండక్టరు పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తున్న శివమ్మ మీద ఆగింది.

"అసల్ సంగతి చెప్తనన్నా. మా పనామె డార్క్ రూము తలుపు తీసింది. వెలుగు వడ్డది. ఆమె మొకం సూసి చెప్పలేకపోయిన."

శివమ్మ చేతిలో కత్తెర ఆగాల్సిన చోట ఆగలేదు. కండక్టరు చెవి ఒకటి తెగి బల్ల మీద పడింది.

"గట్ల చెప్పు మరి," అన్నాడు జైపాల్. "రేపు ఆమెను తీస్కరా. అమ్మకు ఆమెనే చెప్పాలె. ఇగ గసొంటిదాన్ని పనిల ఎందుకు పెట్టుకున్నవ్, తీసెయ్యి."

భాస్కర్ ఫోన్ పెట్టేశాడు. శివమ్మ తెగిన చెవిని వేలితో పక్కకు జరిపింది.

"నేనెప్పుడు తలుపు తీసిన సారూ?"

"తియ్యలే. తీసినవని అన్న."

"ఎందుకన్నరు?"

భాస్కర్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. బతిమాలేటప్పుడు ఆయన గొంతు పెళ్ళి ఫోటోలు తీసేటప్పటి గొంతయిపోతుంది. "సూడు శివమ్మా. ఒక్కసారి పోయి, నేనే తీసినా అమ్మా, తప్పయింది అను. నీదేం పోతది? ముసలామె, రెండు మాటలంటది. ఒక రెండు నెల్లు నువ్వు ఇంటికాడుండు. జైపాలన్న మరిచిపోయినంక మల్ల రా. నా పేరు పోయిందనుకో, నలభై ఏండ్ల పేరు. ఇగ మేడ్చల్ల నా తాన పాస్‌పోర్ట్ ఫోటో గూడ దిగరు."

"నాకు పేరు లేదా సారూ?"

"ఉన్నది, ఎందుకు లేదు. బోర్డు మీద లేదు గంతే," అన్నాడు భాస్కర్. అని, ఆ మాట తనకే నచ్చక, "నువ్వు వచ్చిన కొత్తల ఒకసారి నిజంగనే తీసినవు గద తలుపు. అంగన్‌వాడీ టీచర్లది. గదే అనుకో," అని కలిపాడు.

శివమ్మకు కోపం వచ్చింది. కానీ ఇరవై రెండేళ్ళలో ఆ స్టూడియోలో ఆమె కోపాన్ని పెట్టుకోవడానికి ఒక చోటంటూ ఎప్పుడూ దొరకలేదు. కండక్టరుకు రెండో కాపీ తీసి, ఈసారి రెండు చెవులూ ఉంచి కత్తిరించింది.

*

శామీర్‌పేటలో ఆమె ఇంటికి చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. మొగుడు లింగం గడప ముందు కాళ్ళు చాపుకుని, వల ఒక కొసను బొటనవేలికి తగిలించి, చినిగిన కళ్ళు కుడుతున్నాడు. చెరువులో ఎవరో విసిరేసిన బీరు సీసా ముక్కకు తగిలి చినిగింది. శివమ్మ సంచి కింద పెట్టి, రెండో కొస పట్టుకుని, కూర్చుని, మొత్తం చెప్పింది.

లింగం దారం కొరికి ముడి వేశాడు. "నాకు చేపలు పడకుంటే నేను గూడ చెరువునే తిడ్త. నీ సారు గంతే."

"చెరువు పని పోదు. నా పని పోతది."

"రెండు నెల్లే అన్నడు గద."

"గాయన రెండు నెల్లు నీకెరుక లేదా."

లింగం నవ్వాడు. "ఎందుకెరుక లేదు. మన లగ్గమైన కొత్తల మనిద్దర్ని కూసోబెట్టి ఫోటో తీసిండు. ఎప్పుడడిగినా ఆరుతాంది అన్నడు. ఇరవై రెండేండ్ల సంది ఆరుతనే ఉన్నది గది. ఎంత తడిసిందో ఏమో."

శివమ్మ నవ్వలేదు. వల కళ్ళలోంచి చెయ్యి దూర్చి తీసింది. ఆ ఫోటో ఎందుకు ఆరలేదో ఆమెకు తెలుసు. లింగానికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు అతను అప్పు తెచ్చుకున్న తెల్ల చొక్కా వేసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అతనికి ఆ సంగతి చెప్పడానికి ఆమెకు మనసు ఒప్పలేదు.

"మరి రేపు ఏం చెప్తవ్?" అన్నాడు లింగం.

"తెల్వదు," అంది.

*

బుధవారం పదకొండింటికి భాస్కర్ స్కూటర్ మీద ఇద్దరూ తూంకుంట వెళ్ళారు. భుజాన కెమెరా సంచి, అందులో మిగిలిన రెండో రీలు. దారి పొడుగునా భాస్కర్ ఆమెకు పాఠం చెప్పాడు. "నేనే తీసినా అమ్మా. గంతే. ఎక్కువ మాట్లాడకు." స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పాఠం ఆగి మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

జైపాల్ ఇంటి హాలు పాలరాతితో అద్దంలా ఉంది. గోడ మీద పెద్దాయన నలుపు తెలుపు ఫోటో, ప్లాస్టిక్ పూలదండ. దాని పక్కన కొత్తగా కొట్టిన మేకు. ఆ మేకుకు ఎదురుగా సత్యమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. జైపాల్ పక్కన నిలబడ్డాడు. అతని భార్య శైలజ ట్రేలో మంచినీళ్ళు తెచ్చింది. ఇషిత మెట్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"ఈమెనేనమ్మా," అన్నాడు భాస్కర్. శివమ్మను ముందుకు తోసినంత పని చేశాడు.

"నీకు కండ్లు లేవా?" అని జైపాల్ మొదలుపెట్టబోయాడు. సత్యమ్మ చెయ్యెత్తింది. అతను ఆగాడు.

"దగ్గరికి రా బిడ్డా. తలుపు ఎందుకు తీసినవ్?"

భాస్కర్ పాఠంలో ఎందుకు అన్న ప్రశ్న లేదు. శివమ్మ నోరు తెరిచింది. నేనే తీసినా అమ్మా అన్న మూడు మాటలు నాలుక మీదకు వచ్చి కూర్చున్నాయి. ఆమెకు అంగన్‌వాడీ టీచర్ల రీలు గుర్తొచ్చింది. ఆ రోజు నిజంగా తలుపు తీసింది, నిజంగా తిట్లు తిన్నది, వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ తిట్లు తనవి. ఇవి తనవి కావు.

"రీలు తెచ్చినరా?" అంది సత్యమ్మ.

శివమ్మ కొంగు ముడిలోంచి కాగితం కవరు తీసి రీలు ఇచ్చింది. సత్యమ్మ దాన్ని కిటికీ వైపు చాపి పట్టుకుంది.

"దీంట్ల మా కొబ్బరి చెట్టు కనవడుతాంది."

"ఔనమ్మా. మా తాన డిపో గోడ కనవడ్డది."

"వెలుగు తగిల్తే రీలు ఇట్లనే అయితదా?"

శివమ్మ భాస్కర్ వైపు చూసింది. ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఆమెకు ఆయన మీద జాలి కూడా కలిగింది, కానీ అది సరిపోయేంత లేదు.

"కాదమ్మా. వెలుగు తగిల్తే నల్లగైతది. ఒకసారి నేను తలుపు తీసిన, రీలంత బొగ్గు లెక్కయింది. గిది తెల్లగున్నది. తలుపు తియ్యలే నేను."

జైపాల్‌కు అర్థం కావడానికి కొంత సమయం పట్టేది. మెట్ల మీద నుంచి ఇషిత అందుకుంది. ఆమె అప్పటికే ఫోన్లో వెతికేసింది. "నాన్నా, ఆంటీ చెప్పింది కరెక్టే. అంచుల్లో నంబర్లు ఉండి ఫోటోలు లేకపోతే కడగడంలో తప్పు లేదంట. లెన్స్ మీద మూత తియ్యలేదన్నా అయ్యుండాలి, కెమెరాలో రీలు తిరగలేదన్నా అయ్యుండాలంట."

"మూత తీసిన," అన్నాడు భాస్కర్ వెంటనే. అన్నాక, మిగిలింది ఒక్కటే కారణమని తనే ఒప్పుకున్నట్టయిందని ఆలస్యంగా తెలిసింది.

"మరి తిరగలేదా?" అంది సత్యమ్మ. శివమ్మనే అడిగింది.

"కెమెరా మీద ఎడమ పక్కన చిన్న బిళ్ళ ఉంటదమ్మా. రీలు తిరిగితే బిళ్ళ తిరుగుతది. ఫోటోలైనంక గా బిళ్ళతోనే రీలు ఎనక్కి సుట్టుకుంటరు సారు. ఎప్పుడు సుట్టినా ఒక చాయ్ తాగినంత సేపు వడ్తది. మొన్న బిర్యానీ కాడ మూడు సుట్లు తిప్పంగనే అయిపోయింది. నేను ఫ్లాష్ పట్టుకొని పక్కకే ఉన్న, సూసిన."

"మూడు సుట్లేంది?"

శివమ్మ తల దించుకుంది. "ఉత్త ఫ్లాష్ గొట్టిండు సారు."

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క భాస్కర్‌కు తప్ప. ఆయన అడక్కుండానే సోఫాలో కూర్చుండిపోయాడు.

"అందరు గొట్టెటోళ్ళేనమ్మా," అన్నాడు చివరికి, నేల వైపు చూస్తూ. "రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. లగ్గానికి వచ్చెటోళ్ళు ఆరు వందల మంది. అందరు నన్ను తియ్యి నన్ను తియ్యి అంటరు. కాదంటే గొడవ. గందుకని రీలు పెడ్తం గని దాన్ని లాగే సుట్టల కొస దోపం. వెనక మూత పెడ్తం. ఫ్లాష్ పడ్తది, టక్కుమంటది, దిగినోళ్ళు సంబురపడ్తరు. రీలు ఆడ్నే ఉంటది. వాళ్ళు పోయినంక వెనక మూత తీసి, కొస దోపి, అసలోళ్ళను తీస్తం. మొన్న గూడ గట్లనే అనుకున్న. జైపాలన్న మనుషులు ఇరవై మంది ఎగవడ్డరు. అందరికి ఉత్త ఫ్లాష్ గొట్టిన. గంతల అమ్మ వచ్చి కూసున్నది, అన్న జల్దీ జల్దీ అన్నడు. కొస దోపుడు యాది మరిచిన."

జైపాల్ ముఖం పాలిపోయింది. ఆదివారం అతను కండువా మూడుసార్లు మార్చి, చేతులు కట్టుకుని ఒకటి, దండం పెట్టి ఒకటి, దూరంగా కొండల వైపు చూస్తూ ఒకటి దిగాడు. "నాక్కూడానా అన్నా?"

"నువ్వు గూడ వాళ్ళ మధ్యలనే ఉంటివి గదన్నా."

ఇషిత ఫోన్ అడ్డం పెట్టుకుని నవ్వింది. శైలజ నవ్వలేదు. ఆమె ట్రేను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, భాస్కర్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా లగ్గానికి గూడ మీరే గద అన్నా తీసింది."

భాస్కర్ కెమెరా సంచిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మా అన్నలు, మా వదినెలు, మా మేనమామలు లైన్ల నిలవడి దిగిండ్రు. నేను సూసిన. ఆల్బం వస్తే మా దిక్కు ఒక్కరు లేరు. అన్నీ ఈయన దోస్తులే. కావాలని తీసేయించిండ్రని మా పెద్దన్న ఇరవై నాలుగేండ్ల సంది ఈ ఇంట్ల మంచినీళ్ళు ముట్టలే."

"రీళ్ళు తక్కువ వడ్డయమ్మా," అన్నాడు భాస్కర్, వినీ వినపడకుండా. "పిల్ల దిక్కోళ్ళు లాస్టుకు వచ్చిండ్రు."

జైపాల్ నెమ్మదిగా భార్య పక్కకు వచ్చాడు. శివమ్మను తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ అతను మరిచిపోయాడు. ఎన్నికల్లో గెలిచినా అతని ముఖం అంత వెలగదేమో. "ఇన్నవా శైలూ? నేను తీసెయ్యలే, నాకు తెల్వదు అని ఎన్నిసార్లు చెప్పిన. అమ్మతోడు అన్న. నమ్మినవా? మీ పెద్దన్నకు ఫోన్ గొట్టు. ఇప్పుడే గొట్టు. భాస్కరన్నకు చాయ్ తేండ్రి ఎవరన్న."

"ఆయనకు చాయ్ ఎందుకు," అంది శైలజ. కానీ ఫోన్ తీసింది.

సత్యమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. ఆమె చూపు మేకు మీదే ఉంది. "ఇంకొక రీలున్నది గద. ఇప్పుడు తియ్యి. మాటలు మల్ల మాట్లాడుకుందురు."

భాస్కర్ కెమెరా తీసి వెనక మూత తెరిచాడు. నలుగురి కళ్ళ ముందు రీలు పెట్టి, కొస లాగి, చుట్టలో దోపాడు. మూత వేసే ముందు కెమెరాను శివమ్మ ముందుకు చాపాడు. ఆమె వంగి చూసి, సరే అన్నట్టు తల ఊపింది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆమెకు చూపించి మూత వెయ్యడం అదే మొదటిసారి.

సత్యమ్మ పెద్దాయన ఫోటోలో ఉన్నట్టే, ఎవరికో బాకీ పడ్డ మనిషిలా బిగుసుకుని కూర్చుంది. ఫ్లాష్ పడింది. భాస్కర్ రీలు తిప్పాడు.

"తిరిగిందా?" అంది సత్యమ్మ, పెదవులు కదపకుండా.

"తిరిగిందమ్మా," అంది శివమ్మ, బిళ్ళ మీద నుంచి కళ్ళు తియ్యకుండా.

మళ్ళీ ఫ్లాష్. "తిరిగిందా?" "తిరిగింది." నాలుగోసారికి ఇషిత కూడా గొంతు కలిపింది. ఆరోసారికి ఫోన్లో అన్నతో మాట్లాడుతున్న శైలజ మధ్యలో ఆపి, "తిరిగిందా?" అని అరిచింది. సత్యమ్మ ఆపుకోలేక పకపకా నవ్వింది. నాలుగు పళ్ళు లేని నోరు మొత్తం తెరిచి నవ్వింది. భాస్కర్ వేలు అలవాటుగా నొక్కేసింది.

"గది వద్దమ్మా, నవ్విండ్రు," అన్నాడు.

"గదే కావాలె. ఆయన నలభై ఏండ్ల సంది గోడ మీద గుర్రుగ సూస్తనే ఉన్నడు. పక్కన ఒకరన్న నవ్వాలె," అంది సత్యమ్మ. తర్వాత జైపాల్ వైపు తిరిగింది. "ఈమెను పనిలకెళ్ళి తీసెయ్యుమన్నవట?"

"నేను... తెల్వక అన్ననమ్మా."

"మరి ఈమెకు గా మాట చెప్పు. నాకెందుకు చెప్తవ్."

జైపాల్ శివమ్మ వైపు చూసి దండం లాంటిది పెట్టాడు. ఎన్నికల దండమే, కాకపోతే ఈసారి కెమెరా వైపు చూడలేదు.

భాస్కర్ కెమెరా సర్దబోతుంటే శివమ్మ అడిగింది. "ఇంకెన్ని మిగిలినయి సారూ?"

"శానా ఉన్నయి. ఇరవై పైన."

"గట్లయితే మా ఫోటో తియ్యుండ్రి. నాదీ, లింగానిదీ. ఇరవై రెండేండ్ల సంది ఆరుతాంది గద."

భాస్కర్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు.

"నీకెరుకనా?" అన్నాడు.

"గా రీలు కడిగింది నేనే గద సారూ. వచ్చి మూడు నెల్లు గూడ కాలే. కిటికీ కాడ నిలవడి మొత్తం ఎతికిన. కండక్టర్లున్నరు, బడి పిల్లలున్నరు, ఎవరిదో బర్రె గూడ ఉన్నది, ఇన్సూరెన్స్‌ది. మేం లేం. ఆరేసిన."

భాస్కర్‌కు ఆ బర్రె గుర్తొచ్చింది. బర్రె గుర్తొచ్చి మనిషి గుర్తు రాకపోవడం ఆయనకు చాలా సిగ్గనిపించింది. ఏదో అనబోయాడు. సంజాయిషీ చెప్పే గొంతు, పెళ్ళి ఫోటోల గొంతు, రెండూ రాలేదు. ఆయన తల దించుకుని కెమెరా లెన్స్ తుడుస్తూ ఉండిపోయాడు.

"ఫోన్ జెయ్యి," అన్నాడు చివరికి. "ఎంతసేపైన సరే, ఉంట."

లింగం పావుగంటలో వచ్చాడు. పెళ్ళాం పెద్దవాళ్ళ ఇంట్లో గొడవలో చిక్కుకుందనుకుని, వల అలాగే వదిలి, తడి లుంగీతో టీవీఎస్ మీద వచ్చాడు. చేతిలో ఎందుకైనా మంచిదని ఒక కర్ర. గేటు దగ్గర కర్ర పెట్టేసి రమ్మన్నారు. కొబ్బరి చెట్టు కింద కుర్చీలు వేసి ఉన్నాయి. సత్యమ్మ తనే వచ్చి చూస్తానంది.

"తెల్ల అంగీ లేకపాయె," అన్నాడు లింగం, లుంగీ పిండుకుంటూ.

"మంచిగనే ఉన్నవు, కూసో," అంది శివమ్మ.

"ఎటు సూడాలె?"

శివమ్మ కొంచెం ఆలోచించింది. "సారు ఎడమ చెయ్యి పక్కకు చిన్న బిళ్ళ ఉన్నది సూడు. గా బిళ్ళ దిక్కు."

*

గురువారం మధ్యాహ్నం డార్క్ రూములోంచి భాస్కరే రీలు తీసుకుని బయటికి వచ్చాడు. నీళ్ళు కారుతున్నాయి. ఆయన దాన్ని ముందు తను చూడలేదు. తిన్నగా తెచ్చి శివమ్మ చేతికిచ్చాడు. బల్ల మీది బట్టల క్లిప్పులు రెండూ తను పట్టుకున్నాడు.

శివమ్మ రీలును కిటికీకి పట్టింది. మొదట సత్యమ్మ, బిగుసుకుని, ఇంకా బిగుసుకుని, ఏడో దాంట్లో పకపకా. రీలు మీద తెలుపు నల్లగా, నలుపు తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ముసలామె నెరిసిన జుట్టు నల్లబడి, పెళ్ళికూతురిలా ఉంది. శివమ్మ వేళ్ళతో రీలును జరుపుకుంటూ పోయింది.

చివర్లో ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరూ లెన్స్ వైపు చూడడం లేదు. కొంచెం పక్కకు, ఒకే చోటికి, దేన్నో కాపలా కాస్తున్నట్టు చూస్తున్నారు. లింగం ఈసారి కూడా ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

ఆమెకు కళ్ళు చెమర్చాయి. రెప్పలు కొట్టుకుని మళ్ళీ చూసింది. కిటికీ బయట డిపో గోడ ఎక్కడా కనబడలేదు. సిమెంటు ప్రకటనకు అడ్డంగా లింగం కూర్చుని ఉన్నాడు.

"ఆరెయ్యనా శివమ్మా?" అన్నాడు భాస్కర్, క్లిప్పులు పట్టుకుని.

"ఆగుండ్రి సారూ," అంది. "జర సూడనియ్యుండ్రి."